పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో రక్తనాళాన్ని పైన కట్టడమా, కింద కట్టడమా?

పాకాల గాలి • సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 63 ఏళ్లు. సిగ్మాయిడ్ పేగు మలాశయంతో కలిసే చోట గడ్డ ఉందని కొలనోస్కోపీలో తేలింది. హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాప్రోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఇంటికి వచ్చాడు, జావ తాగుతున్నాడు, వాకిట్లో నడుస్తున్నాడు. బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు.

చిక్కంతా డిశ్చార్జి సమ్మరీతో వచ్చింది. అందులో ‘ఇన్ఫీరియర్ మీసెంటెరిక్ ఆర్టరీని మొదట్లోనే కట్టి కోయడమైనది, హై టై’ అని ఉంది. మా మేనమామకు అంతకుముందు కరీంనగర్‌లో ఇదే ఆపరేషన్ అయింది. ఆయన కాగితంలో ‘లో టై, లెఫ్ట్ కోలిక్ నాళం కాపాడబడినది’ అని రాశారు. నిన్న చూడటానికి వచ్చిన మా బావ, అంటే మేనమామ కొడుకు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘మా నాన్నకు రక్తనాళం మిగిల్చారు, మామకు మొదలంటా కోసేశారు’ అన్నాడు. అప్పటి నుంచి మా అమ్మకు కంటి మీద కునుకు లేదు. డాక్టర్‌ను అడుగుదామంటే రౌండ్స్‌లో రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయేవారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఇద్దరిలో ఎవరికి సరిగ్గా చేసినట్టు?

ఎనుమాముల మిర్చి • సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, దిగులు పడకు. మీ బాపుకు చేసిందే సరైనది. క్యాన్సర్ ఎంత దూరం పాకిందో పైకి కనిపించదు కదా. వీలైనంత పైనుంచి తీసేస్తే పీడా పోతుంది. కింద కట్టడమంటే నా దృష్టిలో సగం పనే. మా పెదనాన్నను హైదరాబాదులోని ఎంఎన్‌జే ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఇలాంటివి చాలా విన్నాను.

పాకాల గాలి • సోమవారం, రాత్రి 10:11

అన్నా, ఆ లెక్కన మా మేనమామకు సగమే చేసినట్టా? ఈ మాట మా బావ చెవిన పడితే ఇంకో గొడవ.

కత్తెర చేయి • సోమవారం, రాత్రి 11:30

మిర్చి గారూ, వేరే ఇంటి రోగి గురించి ‘సగం పని’ అని అర్ధరాత్రి పూట రాయకండి. వాళ్లకు నిద్ర పట్టదు. నేను కాజీపేటలో సర్జన్‌ను. రెండు రకాలుగానూ కట్టాను, రేపు కూడా కడతాను.

పాకాల గాలి గారికి. బొడ్డు వెనక వెన్నెముకను ఆనుకుని బృహద్ధమని కిందికి దిగుతుంది. నడుములోని 3వ పూస ఎత్తులో దాని ముందువైపు నుంచి ఒక నాళం పుడుతుంది. మీ కాగితంలో రాసింది దాని పేరే. పెద్దపేగు ఎడమ భాగానికీ, మలాశయం పైభాగానికీ రక్తం ఇచ్చేది అదే. పుట్టిన చోటు నుంచి 3, 4 సెంటీమీటర్లు వచ్చేసరికి ఎడమవైపు మొదటి కొమ్మ వేస్తుంది, అది లెఫ్ట్ కోలిక్. తర్వాత సిగ్మాయిడ్ కొమ్మలు, చివరగా మలాశయానికి దిగే నాళం. మొదట్లో కడితే హై టై, లెఫ్ట్ కోలిక్ కొమ్మ దాటాక కడితే లో టై. మీ ఇంట్లో ఇంత రభసకు కారణమైన తేడా ఆ 3, 4 సెంటీమీటర్లే.

ఎక్కడ కట్టినా గడ్డ ఉన్న పేగు ముక్కతో పాటు దాని రక్తనాళాల వెంట ఉండే కొవ్వు, ఆ కొవ్వులోని లింఫ్ గ్రంథులు బయటికి రావాలి. పేగు నుంచి క్యాన్సర్ కణాలు ముందుగా పాకేది ఆ గ్రంథులకే. మొదట్లో కడితే అక్కడి గ్రంథులు ముద్దతో పాటే వచ్చేస్తాయి. కింద కట్టదలచుకున్న సర్జన్ నాళాన్ని అలాగే ఉంచి, దాని మొదలు చుట్టూ ఉన్న కొవ్వును ఒలిచి తీయవచ్చు. అది ఓపికతో చేయాల్సిన పని, సమయం ఎక్కువ పడుతుంది, చేయి తిరిగి ఉండాలి. మీ మేనమామకు అలా ఒలిచారా లేదా అన్నది పూర్తి ఆపరేషన్ నోట్ చూస్తే తెలుస్తుంది, డిశ్చార్జి సమ్మరీలోని ఒక్క వాక్యం పట్టుకుని తేల్చలేం.

ఇక ‘మొదలంటా కోసేశారు’ అన్నదానికి వస్తే, కోసింది నాళాన్ని. మిగిలిన పేగుకు పైనుంచి మరో దారిలో రక్తం అందుతుంది. ఆ దారి ఉందని తెలుసు కాబట్టే వందేళ్లకు పైగా ఈ ఆపరేషన్ చేస్తున్నారు.

ఎనుమాముల మిర్చి • మంగళవారం, ఉదయం 6:50

డాక్టర్ గారూ, పెద్దలు మీరు, తప్పుగా అనుకోకండి. కానీ ఒక సందేహం. మాకు ఎస్సారెస్పీ కాకతీయ కాలువ నీళ్లు వస్తాయి. పైన తూము మూస్తే దాని కింది పొలాలన్నీ ఎండుతాయి. పక్క తూము కింద రైతు మాకు నీళ్లు వదలడు కదా. మరి పేగుకు ఆ మరో దారి ఎక్కడిది?

కత్తెర చేయి • మంగళవారం, ఉదయం 7:25

మంచి ప్రశ్న. కాలువ నీరు పల్లానికే పారుతుంది, తేడా అక్కడుంది. పెద్దపేగు అంచు వెంట పొడవునా ఒక సన్న నాళం ఉంటుంది, మార్జినల్ ఆర్టరీ అంటాం. చిన్నపేగుకూ కుడి పెద్దపేగుకూ రక్తమిచ్చే పై నాళం కొమ్మలూ, మనం మాట్లాడుకుంటున్న కింది నాళం కొమ్మలూ దానిలోకే చేరతాయి. అందులో రక్తం ఎటువైపైనా పారగలదు. కింది నాళాన్ని కట్టేయగానే ఒత్తిడి తగ్గి, మిడిల్ కోలిక్ అనే పై కొమ్మ నుంచి వచ్చే రక్తం ఈ అంచు దారి గుండా ఎడమ పేగుకు దిగుతుంది.

అందరికీ ఆ దారి ఒకేలా ఉండదు. ప్లీహం దగ్గర పేగు మలుపు తిరిగే చోట కొందరిలో ఈ నాళం సన్నబడుతుంది, కొందరిలో తెగిపోయినట్టే ఉంటుంది. దాన్ని గ్రిఫిత్స్ పాయింట్ అంటారు. అలాంటివారికి మొదట్లో కడితే మిగిలిన పేగు కొనకు రక్తం చాలకపోవచ్చు. ఏళ్ల తరబడి చుట్ట బీడీలు కాల్చినవారు, షుగర్‌తో నాళాలు గట్టిపడినవారు వస్తే నేను ముందుగా సీటీలో ఆ దారి చూస్తాను. ఇంకో అరుదైన సంగతి: కొందరిలో పై పెద్ద నాళమే పూడుకుపోయి, ఈ కింది నాళమే చిన్నపేగుకూ రక్తం ఎదురు పంపుతూ ఉంటుంది. చూసుకోకుండా అక్కడ హై టై చేస్తే కొంప మునిగినట్టే.

మరి పైన కట్టడం ఎందుకంటే, గ్రంథుల సంగతి ఒకటి, పొడవు సంగతి ఇంకొకటి. గడ్డ మలాశయంలో బాగా కిందికి ఉంటే మిగిలిన పేగును కటిలోకి లాగి అతకాలి. లెఫ్ట్ కోలిక్ కొమ్మ పట్టి ఉంచితే పేగు కిందికి అందదు. బిగదీసి అతికితే అతుకు నిలవదు. అప్పుడు మొదట్లో కట్టి, క్లోమం కింది అంచు దగ్గర సిరను కూడా కోస్తే పేగు హాయిగా దిగుతుంది. కాబట్టి ‘ఏది గొప్ప’ అని నన్ను అడిగితే, కడుపు లోపల చూశాక చెబుతానంటాను.

థియేటర్ అక్క • మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్లలోనే చేసి రిటైరయ్యాను. పాకాల గాలి బాబూ, లోపల ఏం జరుగుతుందో నేను చూసింది చెబుతాను, అమ్మకు చదివి వినిపించు.

కెమెరా లోపలికి పోగానే తెర మీద పసుపుపచ్చ కొవ్వు తప్ప ఇంకేమీ కనిపించదు. పేగును పైకెత్తి పట్టుకుని, వెన్నెముక కటిలోకి మలుపు తిరిగే అంచు దగ్గర పొరను కోస్తారు. కోయగానే కడుపులో నింపిన గ్యాసు ఆ సందులోకి దూరి, పొరలు వాటంతట అవే విడిపోతాయి. మధ్యలో సన్నని తెల్లని పోగులు కనిపిస్తాయి. ఆ పోగుల దారిలోనే పోవాలి. దారి తప్పితే నెత్తురు.

కాసేపటికి పెద్ద డాక్టర్ ‘యురేటర్ చూపించు’ అంటారు. ఎడమ మూత్రనాళం కనిపించేదాకా క్లిప్పు అడగరు. నాకు తెలిసిన ఒక సర్జన్ అయితే అది కనిపించిందని మత్తు డాక్టర్ చేత కూడా అనిపించేవారు. పరికరం మొనతో మెల్లగా తాకితే మూత్రనాళం మెలికలు తిరుగుతూ కదులుతుంది. రక్తనాళం కదలిక వేరు, అది గుండెతో పాటు కొట్టుకుంటుంది. రెండూ చూశాకే ధమని చుట్టూ కొవ్వు శుభ్రం చేస్తారు. అప్పుడు నేను క్లిప్పులు ఎక్కించి అందించేదాన్ని. బృహద్ధమని వైపు రెండు, తీసేసే వైపు ఒకటి. మధ్యలో కత్తెర. హై టై అన్నా బృహద్ధమనిని ఆనించి కట్టరు, సెంటీమీటరో ఇంకాస్తో మొదలు వదులుతారు. క్లిప్పు జారితే మళ్లీ పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

అసలు పరీక్ష అతుకు వేసే ముందు ఉంటుంది. పై పేగు కొనను బయటికి తీసి, దాని అంచున ఉన్న సన్న నాళాన్ని కత్తెరతో కోస్తారు. ఎర్రటి నెత్తురు కొట్టుకుంటూ చిమ్మిందంటే అందరం ఊపిరి పీల్చుకుంటాం. నల్లగా ఊరినా, అసలు రాకపోయినా ఇంకొంచెం పైకి పోయి మళ్లీ కోస్తారు. కొన్నిచోట్ల ఇప్పుడు ఇండోసయనిన్ గ్రీన్ అనే మందు సిరలోకి ఎక్కించి ప్రత్యేక కెమెరాతో చూస్తున్నారు. రక్తం అందుతున్న పేగు తెర మీద ఆకుపచ్చగా వెలుగుతుంది, అందని చోటు చీకటిగా ఉండిపోతుంది. మీ బాపుకు విరేచనం అయిందా? పొట్ట ఉబ్బకుండా, జ్వరం రాకుండా ఇంటికి పంపారంటే అతుకు నిలిచినట్టే నాయనా.

పాకాల గాలి • మంగళవారం, మధ్యాహ్నం 3:02

అయింది అక్కా. జ్వరం కూడా లేదు. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. నెత్తురు చిమ్మిన మాట దగ్గర చెవులు మూసుకుంది గానీ, మొత్తం విన్నది.

నైట్ డ్యూటీ పీజీ • మంగళవారం, రాత్రి 11:50

వార్డు కాస్త ఖాళీగా ఉంది కాబట్టి చరిత్ర రాస్తున్నాను. ఈ తగాదా 1908లో మొదలైంది. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ ఆ ఏడాదే మలాశయాన్ని కడుపు నుంచీ కింది నుంచీ తీసేసే ఆపరేషన్‌ను వర్ణించారు. ఆయన నాళాన్ని లెఫ్ట్ కోలిక్ కొమ్మకు దిగువన కట్టారు. అదే ఏడాది లీడ్స్ నగరంలో ఉన్న బర్కిలీ మొయినిహన్, నాళాన్ని మొదట్లోనే కట్టాలని వాదించారు. మా ప్రొఫెసర్లలో ఇప్పటికీ ఒక వర్గం ఆయనది, ఒక వర్గం ఈయనది.

ఎవరిది పైచేయి అన్నదానికి లెక్కలున్నాయి. 2006లో జపాన్ నుంచి 1,188 మంది రోగుల వివరాలు వచ్చాయి. నాళం మొదట్లో ఉండే గ్రంథులకు క్యాన్సర్ పాకింది 1.7 శాతం మందికే. అంటే వందలో 98 మందికి ఆ గ్రంథులు తీసినా తీయకపోయినా ఒకటే. కానీ పాకినవారిలో, పైదాకా తీశాక 5 ఏళ్ల తర్వాత కూడా 40 శాతం మంది బతికి ఉన్నారు. మిర్చి అన్న వాదనలో కొంత పస ఉందనేది ఇందుకే.

అతుకు లీకవడం గురించి జపాన్‌లోనే 331 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. పైన కట్టినవారిలో 17.7 శాతం, కింద కట్టినవారిలో 16.3 శాతం. ఆ తేడా లెక్కలోకి రాదు. ‘పైన కడితే రక్తం చాలక లీకవుతుంది’ అని చదువుకునే రోజుల్లో మేం బట్టీ పట్టిన మాటకు ఇది గట్టి దెబ్బ.

2019లో ఇటలీ నుంచి హైలో అనే అధ్యయనం వచ్చింది, 214 మంది. అక్కడ కూడా లీకేజీలో తేడా రాలేదు. కానీ మూత్రం, లైంగిక సామర్థ్యం విషయంలో కింద కట్టినవారు మెరుగ్గా ఉన్నారు.

సంచితో సంసారం • బుధవారం, ఉదయం 8:20

పీజీ డాక్టర్ గారు చివరి వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం నేను విప్పి చెబుతాను. నాకు మలాశయ క్యాన్సర్. ముందు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు, తర్వాత ఆపరేషన్, కొన్నాళ్లు పొట్ట మీద సంచి. సంచికి అలవాటు పడ్డాను, దానికి నా భార్య ఒక పేరు కూడా పెట్టింది. కానీ మూత్రం గొట్టం తీశాక చుక్క రాక మళ్లీ గొట్టం వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత భార్యాభర్తల మధ్య రావలసిన ఇబ్బంది కూడా వచ్చింది. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఈ సంగతులు ఏదో మూలన ఉన్నాయేమో, నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు. నా వయసు 50 లోపే. ముసలితనమని సర్దుకునే వయసు కాదు. మగవాళ్లెవరూ ఇలాంటి చోట అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను: ఇది నాళం కట్టిన చోటు వల్లనేనా?

కత్తెర చేయి • బుధవారం, మధ్యాహ్నం 1:40

అడిగి మంచి పని చేశారు. నాళం పుట్టే చోట బృహద్ధమని ముందుభాగాన నరాల వల పరచుకుని ఉంటుంది. అక్కడి నుంచి రెండు తంతువులు కటిలోకి దిగి, మలాశయం పక్కలకు వెళ్లి, మూత్రాశయానికీ జననాంగాలకూ చేరతాయి. మొదట్లో కట్టేటప్పుడు ఆ వల దెబ్బ తింటే వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోవచ్చు. అక్క గారు చెప్పిన ఆ సెంటీమీటరు మొదలు వదిలేది నరాల కోసం కూడా.

కానీ మీ కథలో ఒక్క నాళాన్నే దోషిని చేయలేం. కటి లోపల మలాశయాన్ని విడదీసేటప్పుడు పక్కల నరాలకు తగిలే దెబ్బ ఎక్కువ. అంగస్తంభనకూ మూత్రాశయం ముడుచుకోవడానికీ కావలసిన నరాలు అక్కడివే. రేడియేషన్ దానికి తోడవుతుంది. మూత్రం ఇబ్బంది చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. రెండోదానికి మందులున్నాయి, యూరాలజీ డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా చెప్పండి. భార్యను కూడా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ముందే చెప్పకపోవడం మాత్రం మా వృత్తిలో పాత జబ్బు. దాన్ని సమర్థించను.

కరీంనగర్ కోడలు • బుధవారం, సాయంత్రం 5:10

మా అత్తమ్మకు కుడివైపు పెద్దపేగు తీశారు. ఆమె కాగితంలో ఈ హై టై, లో టై మాటలే లేవు. మరిచిపోయారా?

నైట్ డ్యూటీ పీజీ • బుధవారం, సాయంత్రం 5:35

లేదక్కా. కుడివైపు పేగుకు రక్తం పై మీసెంటెరిక్ నాళం నుంచి వస్తుంది. అక్కడ కట్టేది ఇలియోకోలిక్ కొమ్మ, ఒక్కోసారి మిడిల్ కోలిక్ కుడి కొమ్మ. ఆ పెద్ద నాళాన్ని కట్టడమన్నది ఉండదు, కడితే చిన్నపేగు మొత్తం పోతుంది. అయితే కొమ్మలను మొదలుకంటా వెళ్లి కట్టాలా అన్న వాదన అక్కడా ఉంది. జర్మనీలోని ఎర్లాంగెన్ సర్జన్ హోహెన్‌బెర్గర్ మొదలుకంటా కట్టాలన్న మాటను 2009లో గట్టిగా ముందుకు తెచ్చారు. చైనాలో రెలార్క్ పేరుతో రెండు పద్ధతులనూ పోల్చారు. 2024లో వచ్చిన ఫలితాల్లో 3 ఏళ్ల లెక్కకు స్పష్టమైన తేడా తేలలేదు.

నిర్వాహకుడు • బుధవారం, రాత్రి 7:00

గడ్డలు కరిగించే ఆకు పసరు ప్రకటన ఒకటి ఈ చర్చలో పెట్టారు, తొలగించాను. ఫోన్ నంబరు ఎవరైనా రాసుకుని ఉంటే చించేయండి. మళ్లీ పెడితే ఖాతా మూసేస్తాను.

గాజు పలక • గురువారం, ఉదయం 10:25

పాథాలజీ డాక్టర్‌ను. నాలుగు రోజులుగా సర్జన్లూ సర్జన్ల అభిమానులూ మాట్లాడుతుంటే చూస్తున్నాను. నాళం ఎక్కడ కట్టారో తెలుసుకోవాలంటే మా బల్ల దగ్గరికి రండి. ఏం తీశారో తేలేది ఇక్కడే.

తీసిన పేగు ముద్ద, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో మా దగ్గరికి వస్తుంది. రావాల్సిన పద్ధతిలో వస్తే, అంటే ఇరుకు డబ్బాలో కుక్కి పంపకపోతే, ముందు రక్తనాళం కట్టిన చోటు వెతుకుతాం. బుద్ధిమంతుడైన సర్జన్ అక్కడ పొడవైన దారం వదులుతాడు. ఆ దారానికి దగ్గరలో ఉన్న గ్రంథిని విడిగా తీసి, విడి పెట్టెలో వేసి, ‘ఏపికల్ నోడ్’, అంటే పైకొన గ్రంథి, అని రాస్తాం. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కుత్‌బర్ట్ డ్యూక్స్, ఆయన సహచరులు 1935లో, క్యాన్సర్ గ్రంథులకు పాకిందని చెప్పే సీ దశను రెండుగా చీల్చింది దీని ఆధారంగానే. గ్రంథులకు పాకినా కట్టిన చోటి గ్రంథి శుభ్రంగా ఉంటే సీ1, అదీ పట్టుకుంటే సీ2. ఇప్పుడు గడ్డ లోతు, గ్రంథులు, దూరపు అవయవాలకు పాకడం చూసి దశ తేల్చడానికి వాడే టీఎన్‌ఎం పద్ధతిలో ఎన్ని గ్రంథులకు పాకిందన్న లెక్కే చూస్తారు. 1 నుంచి 3 దాకా ఎన్1, 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎన్2.

తర్వాత కొవ్వును సన్నటి బిళ్లలుగా కోసి, వేళ్ల మధ్య నలుపుతూ గ్రంథులు వెతుకుతాం. కొన్ని 2, 3 మిల్లీమీటర్లే ఉంటాయి. కళ్లకంటే వేళ్లకే ముందు తెలుస్తాయి. కనీసం 12 గ్రంథులు పరీక్షించాలని నియమం. అంతకన్నా తక్కువ దొరికితే ‘పాకలేదు’ అన్న మాటను నమ్మలేం. నేనైతే మళ్లీ కొవ్వు దగ్గరికి వెళ్తాను. ముందే రేడియేషన్ పెట్టిన మలాశయంలో గ్రంథులు ముడుచుకుపోయి తక్కువ దొరకడం మామూలే, దానికి సర్జన్‌ను నిందించకూడదు.

పాకాల గాలి గారూ, రిపోర్టు రాగానే మూడు చూడండి. మొత్తం ఎన్ని గ్రంథులు, ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది, పైకొన గ్రంథి ఎలా ఉంది. మీ బావ పక్కపక్కన పెట్టదలచుకుంటే ఈ రెండు రిపోర్టులు పెట్టమనండి.

ఎనుమాముల మిర్చి • గురువారం, ఉదయం 11:00

నేను అభిమానుల్లో ఒకడిని అన్నమాట. సరే మేడమ్. అయినా నాకు ఆపరేషన్ వస్తే పైనే కట్టించుకుంటాను.

గాజు పలక • గురువారం, ఉదయం 11:04

కట్టించుకోండి. బీడీల అలవాటుంటే మాత్రం ఇప్పుడే మానేయండి, గ్రిఫిత్స్ పాయింట్ గుర్తుంది కదా.

పాకాల గాలి • శనివారం, రాత్రి 8:30

రిపోర్టు వచ్చింది. అందరికీ చదివి వినిపిస్తున్నాను. గడ్డ పేగు గోడ దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వెళ్లింది, టీ3. మొత్తం 19 గ్రంథులు, 2 గ్రంథుల్లో ఉంది. పైకొన గ్రంథిలో లేదు. రెండు వైపులా కోసిన అంచులు శుభ్రం. కీమో కావాలన్నారు, క్యాపాక్స్ అట. బావ కూడా వాళ్ల నాన్న పాత రిపోర్టు తెచ్చాడు. అందులో 16 గ్రంథులు, ఒక్కదానిలోనూ లేదు. అంటే కింద కట్టినా మా మేనమామకు సరిగ్గానే చేశారన్నట్టే కదా?

కత్తెర చేయి • శనివారం, రాత్రి 9:15

ఇద్దరికీ పద్ధతిగానే చేశారు. మీ బాపుకు పైకొన శుభ్రంగా ఉంది కాబట్టి ఆ మొదలు గ్రంథులు తీయకపోయినా నడిచేదని ఇప్పుడు, రిపోర్టు చూశాక అనగలం. బల్ల మీద ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు.

ఇది మూడో దశ, కీమో తప్పదు. టీ3, గ్రంథులు 2 కాబట్టి, పెద్ద అధ్యయనాల ప్రకారం ఇలాంటివారికి క్యాపాక్స్ 3 నెలలు సరిపోవచ్చు. పాత పద్ధతిలో 6 నెలలు ఇచ్చేవారు. ఎంతకాలమన్నది మీ ఆంకాలజిస్టు తేలుస్తారు, అడగండి. ఇంకా క్యాపాక్స్‌లో సెలైన్‌లా ఎక్కించే మందు, ఆక్సాలిప్లాటిన్, ఇచ్చిన రోజుల్లో చల్లటి నీళ్లు, ఫ్రిజ్‌లోవి ముట్టకూడదు. వేళ్లలోనూ గొంతులోనూ కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. ఖర్చు విషయానికి వస్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు అయింది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

ఒక మాట అడుగుతాను. మీ మేనమామకు ఏ వయసులో బయటపడింది? మీ అమ్మానాన్నలది మేనరికమా?

పాకాల గాలి • శనివారం, రాత్రి 9:40

మేనరికమే సార్. బాపు అమ్మకు మేనత్త కొడుకు. మేనమామకు 48 ఏళ్లప్పుడు వచ్చింది. ఎందుకు?

కత్తెర చేయి • శనివారం, రాత్రి 10:05

ఎందుకంటే వారం రోజులుగా మీరు రెండు కాగితాలను పోల్చి చూసుకుంటున్నారు, ఒకే రక్తంలో ఇద్దరికి వచ్చిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఒకరికి 50 నిండకముందే. కన్నవారికీ తోబుట్టువులకూ ఈ జబ్బు ఉంటే 40 ఏళ్లకు, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు 10 ఏళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. మీ బావకు ఎన్నేళ్లు?

గాజు పలక • శనివారం, రాత్రి 10:20

ఒకటి చేర్చుతాను. మీ బాపు గడ్డ ముక్క మైనపు దిమ్మగా పాథాలజీ విభాగంలో భద్రంగానే ఉంటుంది. దాని మీద ఎమ్ఎమ్ఆర్ ప్రోటీన్ల, అంటే కణంలో డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ప్రోటీన్ల, పరీక్ష చేయించమని మీ డాక్టర్‌ను అడగండి. మేనమామ దిమ్మ దొరికితే దానిమీద కూడా. నాలుగు ప్రోటీన్లు చూస్తారు. వాటిలో ఏదైనా కనిపించకపోతే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు ఉందేమో వెతకాలి. అది తేలితే స్క్రీనింగ్ వయసు ఇంకా ముందుకు జరుగుతుంది, ఆడవాళ్లకు గర్భాశయ పరీక్షలు కూడా అవసరమవుతాయి. అన్నీ మామూలుగానే ఉన్నాయని తేలడం ఎక్కువ, భయపడకండి.

పాకాల గాలి • ఆదివారం, ఉదయం 9:10

బావకు 41. నాకు 36. రాత్రే ఫోన్ చేసి చెప్పాను. మొదట కోప్పడ్డాడు, తర్వాత అక్క చేత నాకు ఫోన్ చేయించాడు. ఇద్దరం వెళ్తామని అనుకున్నాం, నాది కాస్త ముందైనా పర్లేదన్నారు డాక్టర్. ముందు రోజు ఏం తినాలి, ఏం మానాలి అని బావ అడగమన్నాడు.

థియేటర్ అక్క • ఆదివారం, ఉదయం 9:45

రెండు రోజుల ముందు నుంచి గింజలు, ఆకుకూరలు, పీచున్న కూరగాయలు వద్దు. తెల్ల అన్నం, పెరుగు, పప్పు కట్టు తినొచ్చు. ముందు రోజు తేట ద్రవాలే: కొబ్బరినీళ్లు, వడకట్టిన పల్చటి చారు. ఎర్ర రంగు పానీయాలు వద్దు, లోపల నెత్తురులా కనిపించి గందరగోళం చేస్తాయి. పొడి కలిపిన మందు నీళ్లు లీటర్ల కొద్దీ ఇస్తారు, సగం తాగి పారబోయవద్దని మీ బావకు గట్టిగా చెప్పు, పేగు శుభ్రపడకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్‌ను అడక్కుండా ఆపకూడదు. మత్తు ఇస్తారు కాబట్టి బండి మీద వెళ్లవద్దు, ఇద్దరినీ ఒకే రోజు పెట్టించుకుంటే తోడు ఎవరుంటారు? వేరే వేరే రోజులు తీసుకోండి.